పురానాపూల్ నేర్పిన పాఠం

పదవీ విరమణానంతరం నా ఉదయపు నడక గోలకొండ నుండి కార్వాన్, పురానాపూల్ మీదుగా చార్మినారు వరకు. భాగమతి కోసం వరదలో మూసీని ఈదిన కుమారుని చూసి చలించి ఇబ్రహీం కుతుబ్ షా ఈ వంతెన కట్టించాడని జనశ్రుతి. తరగతిగదిలో నేనూ దానిని చరిత్రగానే చెప్పాను.

వంతెన కట్టినది 1578లో. అప్పటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్లే! కథ అందమైనదే, లెక్కే పొసగదు. చార్మినారు వెలసినది 1591లో. అంటే నగరానికి వంతెనే పదమూడేళ్లు పెద్ద. ముందు కోట, పిదప వంతెన, ఆపైన నగరం. ఈ దారిన నడిస్తే ఆ క్రమం పాదాలకే బోధపడుతుంది.

నా పూర్వ విద్యార్థులెవరైనా ఇది చదివితే, ఆనాటి పాఠాన్ని దిద్దుకొందురు గాక!