హైదరాబాద్‌లో సైకిల్ సవారీ

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కడానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది. చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోవడమే మేలు. ఎడమ పక్కన నడపడం, సిగ్నల్ దగ్గర ఆగడం మాత్రం సైకిలిస్టుకూ తప్పవు. బస్సులు, ఆటోలు, బైకులు ఒకదాన్నొకటి తోసుకుపోయే ఈ రోడ్ల మీద చాలావరకు సైకిల్‌కంటూ వేరే చోటు లేదు. అందువల్ల కొత్తవారికి వేగం కన్నా, రోడ్డు మీద ఎక్కడ ఉండాలో తెలియడం ముఖ్యం.

నేర్చుకోవడం

అద్దె సైకిల్ షాపులో గంటకింత అని ఇచ్చి, పెద్దవాళ్ల బండి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కి, మోకాళ్లు దోక్కుపోతూ నేర్చుకున్న తరం ఒకటుంది. పెద్దయ్యాక నేర్చుకునేవారికి అంత తిప్పలు అక్కర్లేదు. పెడళ్లు విప్పేసి, సీటు బాగా దించి, ఖాళీ మైదానంలో కాళ్లతో నేలను తన్నుకుంటూ పోతే బ్యాలెన్సు దానంతటదే కుదురుతుంది. ఎడమ పెడల్ మర మామూలు మరకు ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ సంగతి మరిచి బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. బ్యాలెన్సు వచ్చాక సీటు లేపాలి. పెడల్ అడుగుకు దిగినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి, అదీ సరైన ఎత్తు. ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకోగలగాలి. తల తిప్పి వెనక్కి చూసినా బండి పక్కకు లాగకూడదు. ఈ రెండూ వచ్చేదాకా రోడ్డెక్కడం తొందరపాటే.

బండి

రాళ్ల గుట్టల మీద పరుచుకున్న ఊరు ఇది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులెక్కాలంటే గేర్లు కావాలి. ట్యాంక్ బండ్ వంటి చదును దారికి మామూలు సైకిల్ చాలు. ఎంత గాలి కొట్టాలో టైరు పక్క మీదే అచ్చయి ఉంటుంది. దిగుడులో రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. ముందుది ఒక్కటే గట్టిగా పడితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు.

రోడ్డు మీద

భయంతో రోడ్డు అంచునే అంటిపెట్టుకుని పోవడం కొత్తవారి అలవాటు. అసలు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ అంచులోనే. ఇసుక, గాజు పెంకులు, మురుగు మూతలు అక్కడే చేరతాయి. మూత చువ్వలు దారి వెంబడే ఉంటే సన్నటి టైరు వాటి సందులో దిగబడుతుంది. పైగా ఎడమ పక్కన వరసగా ఆపిన కార్లుంటాయి. మన దేశంలో డ్రైవరు సీటు కుడివైపు కాబట్టి, ఆ తలుపు సరిగ్గా సైకిల్ వచ్చే దారిలోకి తెరుచుకుంటుంది. కారు వెనక అద్దంలో తల కనిపించినా, బ్రేకు లైటు అప్పుడే ఆరినా తలుపు తెరుచుకోబోతోందని అనుకోవాలి. ఆగిన కార్లకు కనీసం మీటరు దూరంగా, ఒకే గీతలో పోవాలి. కారు కారుకీ మధ్య ఖాళీలోకి దూరి మళ్లీ బయటికి వస్తుంటే వెనక వచ్చేవారికి అంతు చిక్కదు.

ఆర్టీసీ బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోకి ఎప్పుడూ దూరకూడదు. బస్సు స్టాపు వైపు ఒరిగితే ఆ సందు మూసుకుపోతుంది, అక్కడున్న సైకిల్ డ్రైవరు కంటపడదు. ఆటోది ఇంకో తీరు: చెయ్యెత్తిన మనిషి కనిపిస్తే చాలు, చటుక్కున ఎడమకు కోస్తుంది.

కుడివైపు తిరగాలంటే రద్దీలో మధ్యకు చొచ్చుకుపోనక్కర్లేదు. ముందు తిన్నగా కూడలి దాటి, అవతలి ఎడమ మూలన ఆగి, బండిని కుడికి తిప్పి, ఆ రోడ్డుకు పచ్చ లైటు పడ్డాక సాగిపోవచ్చు. సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టిన చోట ఈ పద్ధతి పనికిరాదు. యూటర్న్ కోసం వేగంగా పోయే కుడి వరుసలోకి జరగాలి. అది సైకిల్‌ను లెక్కలోకి తీసుకోని ఏర్పాటు. అలాంటి చోట దిగి, బండిని నడిపించుకుంటూ జీబ్రా గీతల మీద దాటడం నామోషీ కాదు.

చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. పాత డైనమో లైటు బండి ఆగగానే ఆరిపోతుంది కాబట్టి బ్యాటరీదే నయం. వానాకాలంలో నీళ్ల కింద గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనపడదు. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

ప్రత్యేక ట్రాక్

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిలోకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. దాని పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. వెడల్పు 4.5 మీటర్లు. ఒక భాగం నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, రెండోది నార్సింగి నుంచి కొల్లూరు దాకా సాగుతాయి. ఎండావానా తగలకుండా సాధన చేయడానికి, వ్యాయామానికి ఇది బాగుంది. ఊరి మధ్య నుంచి ఆఫీసుకు పోయేవారికి దీనితో ఒరిగేది తక్కువ. వారికి మెయిన్ రోడ్డుకు సమాంతరంగా పోయే కాలనీ దారులే ఆధారం. ఒక ఆదివారం పొద్దున్నే ఆ దారిని ముందుగా ఓసారి తొక్కి చూసుకుంటే స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, కుక్కలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.