గడ్డి పోయాక చేప పోయింది: లేక్ అపాప్కా కథ



ఫోన్‌లో గాలం వీడియోలు చూసే అలవాటు ఉంటే లార్జ్‌మౌత్ బాస్ అనే పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో సరదాగా గాలం వేసేవాళ్ళు బాగా వెంటపడే చేప ఇది. పచ్చటి ఒళ్ళు, పక్కన నల్లటి చార, తెరిస్తే పిడికిలి పట్టేంత నోరు. దీన్ని ఎలా పట్టాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, నేను ఆ పని పెట్టుకోవట్లేదు. ఈ చేపకి పేరుమోసిన ఒక సరస్సు ఎలా పాడైంది, తప్పు ఎవరిది అన్నారు, చివరికి ఆ ఖరీదు ఎవరు కట్టారు... ఈ రోజు ఆ చరిత్ర చెప్పుకుందాం.

సరస్సు పేరు లేక్ అపాప్కా. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో సిటీకి వాయవ్యంగా ఉంటుంది. ఓర్లాండోలో మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, డిస్నీ వరల్డ్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ ఎక్కువే. కానీ పక్కనే ఇంత కథ ఉందని చాలామందికి తెలీదు. విస్తీర్ణం సుమారు 125 చదరపు కిలోమీటర్లు, అంటే మన హుస్సేన్ సాగర్ లాంటివి ఇరవై పడతాయి. అంత పెద్ద సరస్సుకి సగటు లోతు మాత్రం ఐదడుగులు, అటూ ఇటూగా. పొడుగాటి మనిషి చాలా చోట్ల నిలబడితే తల పైకే ఉంటుంది. ఈ లోతు సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

1940లకి ముందు ఈ సరస్సు అడుగంతా నీటి గడ్డి. పాండ్‌వీడ్, ఈల్‌గ్రాస్ అనే మొక్కలు నీళ్ళలో మునిగి, పచ్చిక బయలులా పరుచుకుని ఉండేవి. గట్ల వెంట జమ్ము, తుంగ. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే పడవలోంచి చూస్తే అడుగు కనిపించేది. మనం గడ్డి పట్టిన చెరువుని చూస్తే "పాడైపోయింది" అంటాం. ఇక్కడ మాత్రం నీళ్ళని తేటగా ఉంచింది ఆ గడ్డే. దాని వేళ్ళు అడుగున మట్టిని కదలకుండా పట్టి ఉంచేవి. ఆకులు అల మీద అల రాకుండా గాలి జోరు తగ్గించేవి.

బాస్‌కి ఆ గడ్డే ఇల్లు, అదే వేటాడే చోటు. ఇది చేపని తరిమి పట్టుకునే రకం కాదు. ఆకుల చాటున కదలకుండా నిలబడి, చిన్న చేప దగ్గరకి రాగానే ఒక్క గుటకలో మింగేస్తుంది. గాలం వేసేవాళ్ళు గడ్డి అంచులు వెతుక్కుంటూ పోయేది అందుకే.

సీజన్ లెక్క కూడా ఉంది. ఫ్లోరిడాలో చలి పెద్దగా ఉండదు కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలకే నీళ్ళు వెచ్చబడతాయి. అప్పుడు బాస్ లోతు తక్కువున్న గట్టు వైపుకి వస్తుంది. మగ చేప తోకతో ఊడ్చి, గట్టి ఇసుక అడుగున పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా అంతా మగదే. మన కొర్రమీను తన పిల్లల గుంపుని వదలకుండా కాస్తుంది చూడండి, అలాంటి కాపలా. ఎండాకాలం ముదిరితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు చేప నీడ వెతుక్కుంటుంది, తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే ఎరకి వస్తుంది. ఎండలు తగ్గాక చిన్న చేపల గుంపుల వెనక మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు దీనికి డబ్బు లెక్క కలపండి. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు పడే నెలల్లో అక్కడివాళ్ళు వెచ్చదనం కోసం ఫ్లోరిడా వస్తారు. వాళ్ళు వచ్చే నెలలు, బాస్ గట్టుకి వచ్చే నెలలు దాదాపు ఒకటే. అలా ఈ సరస్సు చుట్టూ ఫిష్ క్యాంపులు వెలిశాయి. అద్దెకి గదులు, పడవలు, ఎర, పట్టుకొచ్చిన చేపతో ఫొటో. ఒక దశలో ఇరవైకి పైగా క్యాంపులు ఉండేవి. చిన్న చిన్న కుటుంబాలు నడుపుకునే వ్యాపారాలు అవి.

మరి చెడింది ఎక్కడ? ఒక్క రోజులో కాదు. 1890ల నాటికే సరస్సు నుంచి కాలువ తవ్వి నీటి మట్టం తగ్గించారు. 1920ల నుంచి పక్క ఊరి మురుగు, నారింజ పళ్ళ ఫ్యాక్టరీల వ్యర్థాలు ఇందులోకే వదిలారు. అసలు దెబ్బ 1941లో మొదలైంది. అది యుద్ధకాలం, తిండి పంటలు కావాలి. ఉత్తర గట్టున ఇరవై వేల ఎకరాల చిత్తడి నేల ఉండేది. దానికీ సరస్సుకీ మధ్య కట్ట వేసి, నీళ్ళు తోడేసి, పొలాలు చేశారు. వేల ఏళ్ళుగా ఆకులు, వేర్లు కుళ్ళి పేరుకున్న నల్లమట్టి అది. మొక్కజొన్న, క్యారెట్, సెలెరీ విరగపండాయి.

కానీ ఆ పొలాలు సరస్సుని వాడుకున్న తీరు చూడండి. పంట లేని ఎండాకాలంలో పురుగు చావాలని, మట్టి ఎండిపోయి కుంగిపోకూడదని పొలాల్లోకి నీళ్ళు పెట్టేవాళ్ళు. పంట వేసే టైమ్‌కి ఆ నీళ్ళని పంపులతో తిరిగి సరస్సులోకి తోసేవాళ్ళు. ఆ నీళ్ళతో పాటు ఫాస్ఫరస్ వెళ్ళేది, పురుగుమందులు వెళ్ళేవి. ఏటేటా ఇదే. పైగా ఒకప్పుడు మురికిని వడకట్టిన చిత్తడి నేల ఇప్పుడు లేదు, పొలం అయిపోయింది.

1947లో పెద్ద తుఫాను వచ్చింది. నీటి గడ్డిని వేళ్ళతో సహా పెకలించేసింది. అదే ఏడు నీళ్ళ మీద మొదటిసారి పచ్చటి పాచి పొర తేలింది. అప్పటి నుంచి నీళ్ళు బఠానీ సూపు రంగుకి మారాయి.

ఇక్కడే పెద్ద గొడవ. తప్పు తుఫానుదా, పొలాలదా? సైంటిస్టులు దీని మీద దశాబ్దాలు వాదించుకున్నారు. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వాళ్ళు కొందరు తుఫాను, గాలి, అడుగు బురద... వీటి మీద వేలు పెట్టారు. ప్రభుత్వ నీటి సంస్థ సైంటిస్టులు ఫాస్ఫరస్సే మూలం అన్నారు. నాకైతే ఇలా అనిపిస్తుంది. ఆ సరస్సు అంతకుముందు ఎన్ని తుఫాన్లు చూసి ఉంటుంది! గడ్డి పోతే మళ్ళీ మొలిచి ఉంటుంది. ఈసారి మొలవలేదు, ఎందుకంటే ఫాస్ఫరస్ తిని పెరిగిన పాచి పైన పందిరి వేసేసింది. అడుగుకి వెలుతురు అందలేదు. వెలుతురు లేక గడ్డి లేదు, గడ్డి లేక బురద ఆగదు, బురద లేచి నీళ్ళు ఇంకా చిక్కబడతాయి. లోతు ఐదడుగులే కదా, ప్రతి గాలికీ అడుగు కదిలిపోతుంది. తుఫాను తలుపు తోసింది. ఆ తలుపు మళ్ళీ మూసుకోకుండా అడ్డం పెట్టింది మనుషులు.

ఇంకో విషయం. చేపలు వెంటనే మాయం కాలేదు. 1950లలో కూడా క్యాంపులకి జనం వచ్చారు, బాస్ పడింది. అందుకే చాలామంది "ఏం కాలేదులే" అనుకున్నారు. కానీ గూడు కట్టే ఇసుక మీద మెత్తటి బురద పేరుకుంటోంది. పిల్లలు దాక్కునే గడ్డి లేదు. బాస్ తగ్గుతుంటే, పాచి తిని బతికే గిజర్డ్ షాడ్ అనే చేప పెరిగిపోయింది. 1950ల చివర్లో ఆ షాడ్‌ని మందు పెట్టి చంపారు. వేల టన్నుల చేప చచ్చింది, చాలావరకు అక్కడే కుళ్ళింది. అంటే ఆ పోషకాలన్నీ తిరిగి నీళ్ళలోకే! తర్వాత ఒక్కో క్యాంపూ మూతపడింది. 1980లో దగ్గర్లోని పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి విషం సరస్సులో పడింది. మొసళ్ళ పిల్లలు తగ్గిపోయాయి, మగ మొసళ్ళలో మగ హార్మోన్ పడిపోయిందని లూయిస్ గిలెట్ అనే సైంటిస్టు బృందం చూపించింది.

చివరికి 1996లో రాష్ట్రం చట్టం చేసి, సుమారు పది కోట్ల డాలర్లతో పొలాలు కొనేసింది. 1998లో సేద్యం ఆగింది. ఆ డబ్బు భూమి యజమానులకి వెళ్ళింది. ఆ పొలాల్లో ఏళ్ళ తరబడి వంగి పనిచేసిన కూలీలు, నల్లజాతివాళ్ళు, హైతీ, మెక్సికోల నుంచి వచ్చినవాళ్ళు, రెండు వేల మందికి పైగా ఒక్కసారి పని పోగొట్టుకున్నారు. పురుగుమందుల మధ్య బతికిన వాళ్ళలో చాలామంది రోగాలతో మిగిలారు. చనిపోయినవాళ్ళ గుర్తుగా వాళ్ళు గుడ్డ ముక్కలు కలిపి బొంతలు కుట్టుకున్నారు.

ఆ చలికాలమే పొలాల్లో నీళ్ళు నిలిపితే పక్షులు గుంపులు గుంపులుగా దిగాయి. 1998 డిసెంబర్ లెక్కల్లో 174 జాతులు కనిపించాయి. కొన్ని నెలల్లోనే పెలికన్లు, కొంగలు కలిపి ఆరు వందలకి పైగా పక్షులు చచ్చిపడ్డాయి. మట్టిలో మిగిలిన పాత పురుగుమందులు చేపల్లోకి, చేపల నుంచి పక్షుల్లోకి చేరాయి. పొలం కొన్నంత తేలిగ్గా దాని చరిత్రని కడిగేయలేకపోయారు.

ఆ తర్వాతి పని నెమ్మదిగా నడుస్తోంది. 1993 నుంచే షాడ్‌ని ఈసారి వలలతో పట్టి బయటికి తీస్తున్నారు. 2003లో మళ్ళీ చిత్తడి నేలలోంచి నీళ్ళు పారించి వడకట్టడం మొదలుపెట్టారు. ఫాస్ఫరస్ సగానికి పైగా తగ్గింది. ఈల్‌గ్రాస్ చేత్తో నాటుతున్నారు, అక్కడక్కడా గడ్డి బతుకుతోంది. 2015 నుంచి పాత పొలాల మీదుగా కారులో పక్షులు చూస్తూ వెళ్ళే దారి కూడా తెరిచారు.

ఒక తమాషా ఏంటంటే, మన చెరువుల్లో కనిపించే హైడ్రిల్లా కూడా ఇప్పుడు అక్కడ ఉంది. 1950లలో ఇండియా, శ్రీలంక వైపు నుంచి అక్వేరియం వ్యాపారంలో ఫ్లోరిడా చేరింది. గాలం వేసేవాళ్ళకి అదంటే ఇష్టం, బాస్ అందులో దాక్కుంటుంది కాబట్టి. అధికారులకి తలనొప్పి, కాలువలు మూసేస్తుంది కాబట్టి. డెబ్భై ఏళ్ళ కింద గడ్డి పోగొట్టుకున్న సరస్సులో ఇప్పుడు ఏ గడ్డి ఉండాలి అని చర్చ నడుస్తోంది.

నేను ఇందులోంచి తీసుకున్నది ఒకటే. లోతు తక్కువున్న సరస్సుని చెడగొట్టడానికి ఆరేడేళ్ళు చాలు. బాగుచేయడానికి పాతికేళ్ళు దాటినా ఇంకా సగం దారిలోనే ఉన్నారు. క్యాంపు నడిపినవాళ్ళు, పొలంలో కూలి చేసినవాళ్ళు ఆ నిర్ణయాలు తీసుకోలేదు. ఖరీదు మాత్రం వాళ్ళే కట్టారు. ఈసారి ఎక్కడైనా గడ్డి పట్టిన నీళ్ళు కనిపిస్తే "శుభ్రం చేయాలి" అనే ముందు ఒక్క నిమిషం ఆగి, ఆ గడ్డి ఏం పట్టి ఉంచుతోందో చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.