పులిజూదం నుంచి బాల్డర్స్ గేట్ దాకా: జట్టు ఎత్తుగడల కథ

డోన్, బేతంచెర్ల చుట్టుపక్కల పాత ఇళ్ల అరుగుల మీద పరిచేది నాపబండ. సుద్దముక్కతో గీస్తే గీత ఇట్టే పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పులిజూదానికి అంతకన్నా మంచి పలక దొరకదు. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. ఆట నేర్పే పెద్దలు కొత్తవాళ్లకు పులుల్ని తొందరగా చేతికివ్వరు. మేకలు ఆడటం వచ్చాకే ఆట వచ్చినట్టు లెక్క. మేకలు ఆడేవాడు మొదట నేర్చుకునేది ఒకటే: ఏ మేకనూ ఒంటరిగా పులి ముందు వదలకూడదు.

ఈ పాఠానికి ప్రపంచంలో చాలా పెద్ద చరిత్ర ఉంది. 1981లో అమెరికాలో ఆపిల్ కంప్యూటర్ మీద నేలమాళిగలోకి ఆరుగురిని పంపిన కుర్రవాళ్లూ, 1998లో బాల్డర్స్ గేట్ ఆటలో ఓ సత్రం మెట్ల మీదే చచ్చి మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ దీన్నే కష్టపడి నేర్చుకున్నారు. ఎవరు ఎంత బలవంతుడన్నదాని కన్నా ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే జట్టు ఆటల్లో గెలుపోటముల్ని తేలుస్తుంది. రాయలసీమ అరుగు మీద ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టడం న్యాయం.

పులిజూదం గీత చూడటానికి త్రిభుజం. శిఖరం నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. మూడు అడ్డగీతలు వాటిని కోసుకుంటూ రెండు పక్కలకూ బయటికి పొడుచుకొస్తాయి. అన్నిటికీ అడుగున పునాది గీత. మొత్తం 23 కూడళ్లు. పులి పక్క కూడలికి జరగవచ్చు, లేదంటే మేక మీంచి దూకి సరిగ్గా దాని వెనకున్న ఖాళీలో దిగి ఆ మేకను తీసేయవచ్చు. మేకకు దూకే హక్కు లేదు. పైగా పదిహేను మేకలూ ఒక్కొక్కటిగా పలక మీదికి చేరేదాకా ఏ మేకా కదలకూడదు. పులులు మూడూ కదల్లేకుండా చేస్తే మేకలది గెలుపు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టో ఊరికో లెక్క.

కొత్తగా ఆడేవాడికి పులిని చూడగానే చుట్టుముట్టేయాలన్న ఆత్రం పుడుతుంది. నాలుగో ఎత్తుకల్లా ఓ మేకను పులి పక్కన పెడతాడు. దాని వెనక కూడలి ఖాళీ. పులి దూకుతుంది, మేక పోతుంది, పులి కొత్త చోటు నుంచి ఇంకో మేకను చూస్తుంది. ఆట తెలిసినవాడు ముందు మూలలు నింపుతాడు, ఎందుకంటే మూలనున్న మేక వెనక పులి దిగడానికి కూడలే ఉండదు. ఆ తర్వాత ఒక మేక వెనక మరో మేక వచ్చేలా గీత వెంట పేరుస్తాడు, ఎందుకంటే ఒక్క దూకుడులో రెండు మేకల్ని దాటే వీలు పులికి లేదు. ఇక ఆరితేరినవాడు ఒక మేకను తెలిసే వదులుకుంటాడు. పులి ఆశపడి ఇరుకులోకి దూకాక, వెనక దారి మూసేస్తాడు. ముందు నిలబడేవాడు, వాడి వెనక కాసేవాడు, ఎరగా వెళ్లేవాడు, దారి మూసేవాడు: జట్టులో ఉండే పనులన్నీ ఈ పదిహేను చింతగింజల్లోనే ఉన్నాయి.

ఈ ఆట ఎంత పాతదో తేల్చడం తేలిక పని కాదు. హంపి శిథిలాల్లో గుడి మండపాల నేలల మీద, బండల మీద చెక్కిన ఆటగీతలు చాలా కనిపిస్తాయి. స్వీడన్ పురావస్తు పరిశోధకురాలు ఎల్కే రోగర్స్‌డాటర్ విజయనగరంలోని ఈ గీతల్ని, వాటి ఆకారాల్ని, అవి ఎక్కడెక్కడ ఉన్నాయన్నదాన్ని ప్రత్యేకంగా పరిశీలించి రాశారు. అయితే మండపం కట్టిన ఏడాది తెలిసినంత మాత్రాన గీత చెక్కిన ఏడాది తెలిసినట్టు కాదు. శిల్పి చెక్కాడో, కావలివాడు చెక్కాడో, తర్వాతెప్పుడో పశువుల కాపరి చెక్కాడో రాయి చెప్పదు. ఇలాంటి వేట ఆటలు మాత్రం చాలా చోట్ల ఉన్నాయి. నేపాల్‌లో బాఘ్‌చాల్‌కు నాలుగు పులులు, ఇరవై మేకలు. యూరప్‌లో ఒక నక్క, మందగా బాతులు. బాఘ్‌చాల్‌ను లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్‌తో మొత్తం గాలించి, ఇద్దరూ ఏ తప్పూ చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని నిరూపించారు. దూకే బలానికి కలిసి నిలబడటం సరిగ్గా సమానమని ఇంతకన్నా గట్టిగా చెప్పే లెక్క మరొకటి లేదు.

మొదట చెప్పుకున్న డోన్ పాత పేరు ద్రోణాచలం. స్థానికుల నమ్మకం అక్కడి కొండల్ని ద్రోణాచార్యుడితో ముడిపెడుతుంది. తెలుగువాళ్లకు జట్టుగా నిలబడటం గురించి తెలిసిన అతి పెద్ద కథ కూడా ఆయన పన్నిన పద్మవ్యూహమే. పదమూడో శతాబ్దంలో తిక్కన ద్రోణపర్వాన్ని తెలుగు చేశాక, వీధినాటకాలూ తోలుబొమ్మలాటలూ దాన్ని పల్లెపల్లెకూ మోశాయి. అభిమన్యుడి చావుకు అందరూ చెప్పే కారణం వ్యూహం నుంచి బయటపడే దారి అతనికి తెలియకపోవడం. యుద్ధం నడిచిన తీరు చూస్తే అంతకన్నా పెద్ద కారణం సైంధవుడు. అభిమన్యుడు తెరిచిన సందులోంచి భీముడూ మిగతావాళ్లూ వెంట వచ్చేయాలన్నది ఏర్పాటు. సైంధవుడు ఆ సందు దగ్గర నిలబడి మూసేశాడు. జట్టు బయట, వీరుడు లోపల. పులిజూదంలో వెనక కూడలి ఖాళీగా మిగలడమంటే ఇదే.

యుద్ధాన్ని బల్ల మీద ఆడటం యూరప్‌లో సైనిక శిక్షణగా మొదలైంది. ప్రష్యాలో రైస్‌విట్జ్ తండ్రీకొడుకులు తయారుచేసిన క్రీగ్‌స్పీల్ 1824 నాటికి సైన్యం వాడే పద్ధతి అయింది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే నియమాల పుస్తకం అచ్చువేశాడు. క్రీగ్‌స్పీల్‌లో ఒక్కో ముక్క ఒక్కో పటాలం.

1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ తెచ్చిన చెయిన్‌మెయిల్ నియమాల్లో ఒక బొమ్మ ఒక్క వీరుడు కూడా కాగలిగింది. డేవ్ ఆర్నెసన్ ఆ వీరుల్ని కోట కింది నేలమాళిగల్లోకి దించాడు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. అందులో మనిషికి మూడే వృత్తులు: కత్తి పట్టేవాడు, మంత్రగాడు, గాయాలు మాన్పే పూజారి. తాళాలు తీసే దొంగ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. ఈ విభజనలోనే అసలు తెలివి ఉంది. ఏ ఒక్కడూ అన్నీ చేయలేడు. మంత్రగాడికి మొదట్లో ఒంట్లో ప్రాణం చాలా తక్కువ, ఒక్క దెబ్బకే పడిపోతాడు. కానీ వాడి నిద్రమంత్రం ఓ గుంపును కూల్చేస్తుంది. ఆ మంత్రం పూర్తయ్యేదాకా వాడి ముందు ఎవరో ఒకరు నిలబడాలి.

అమెరికా విశ్వవిద్యాలయాల్లోని ప్లేటో కంప్యూటర్ల మీద విద్యార్థులు 1970ల్లోనే ఇలాంటి ఆటలు రాసుకున్నారు. కానీ ఇంట్లో కూర్చున్న మామూలు మనిషికి జట్టును నడపడం నేర్పింది విజర్డ్రీ. కార్నెల్ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రాసిన ఈ ఆటను 1981లో సర్‌టెక్ సంస్థ ఆపిల్ కంప్యూటర్ కోసం విడుదల చేసింది. ఆరుగురి జట్టు. మొదటి ముగ్గురే కత్తితో కొట్టగలరు, శత్రువు కత్తి కూడా ఆ ముగ్గురికే అందుతుంది. వెనక ముగ్గురూ మంత్రాల మీద బతకాలి. కొత్తవాడు మంత్రగాణ్ణి ముందు వరసలో పెట్టాడంటే తొలి పోరులోనే వాడి పని అయిపోతుంది. మొదటి స్థాయి మంత్రగాడికి రెండే మంత్రాలు దక్కుతాయి కాబట్టి, నిద్రపుచ్చే కాటినో మంత్రాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు మెట్లెక్కి ఊరికి తిరిగిరావాలి అన్నదే ఆటంతా.

విజర్డ్రీ ఓటమిని చూసే తీరు చాలా కఠినం. జట్టంతా చస్తే శవాలు ఆ చీకటి దారుల్లోనే పడి ఉంటాయి. వాటిని తేవడానికి కొత్త జట్టును తయారుచేసి మళ్లీ అంత లోతుకు పంపాలి. తెచ్చాక గుడిలో డబ్బు కట్టి బతికించమంటే, అది ఫలించకపోతే శవం బూడిదవుతుంది. బూడిద నుంచి కూడా లేపలేకపోతే ఆ మనిషి పేరు శాశ్వతంగా చెరిగిపోతుంది. వారాల తరబడి పెంచిన మనిషిని అలా పోగొట్టుకున్న ఆటగాడు వెనక్కి తగ్గడం కూడా ఎత్తుగడేనని ఒంటికి పట్టేలా నేర్చుకున్నాడు. ఆ కాఠిన్యం తర్వాతి ఆటల్లో తగ్గింది. అలా తగ్గడం మంచికే జరిగినా, ఆ నాటి ఆటగాళ్లకున్న జాగ్రత్త కూడా దాంతోపాటే పోయింది.

జపాన్‌లో విజర్డ్రీని ప్రాణంగా ప్రేమించినవాళ్లు చాలామంది. యూజీ హోరీ తన డ్రాగన్ క్వెస్ట్‌ను 1986లో ఒంటరి వీరుడితో మొదలుపెట్టి, 1987లో రెండో భాగానికి ముగ్గుర్ని చేశాడు. అదే ఏడాది వచ్చిన ఫైనల్ ఫాంటసీలో నలుగురు నిలువు వరసలో నిలబడతారు. పైనున్నవాడికే దెబ్బలు ఎక్కువగా తగులుతాయి కాబట్టి కవచం ఉన్నవాణ్ణి అక్కడ పెట్టాలి.

1988లో ఎస్ఎస్ఐ సంస్థ తెచ్చిన పూల్ ఆఫ్ రేడియన్స్ యుద్ధభూమిని గళ్లుగా పరిచి పైనుంచి చూపించింది. పక్కనే శత్రువు నిలబడి ఉంటే బాణం వేయడం కుదరదు. వెన్ను చూపి పారిపోతే వెనక నుంచి ఉత్తపుణ్యానికి ఓ దెబ్బ పడుతుంది. నిద్రపోయిన శత్రువు ఒక్క వేటుకు చస్తాడు. విజర్డ్రీలో వరస మాత్రమే ఉండేది. ఇక్కడ చోటు ఉంది, సందు ఉంది, మూల ఉంది.

కెనడాలోని ఎడ్మంటన్‌లో రే ముజైకా, గ్రెగ్ జెస్చుక్ తదితర వైద్యులు పెట్టిన బయోవేర్ సంస్థ 1998 డిసెంబరులో బాల్డర్స్ గేట్ తెచ్చింది. ఈ ఆటలో గళ్లు లేవు, అందరూ ఒకేసారి కదులుతారు. అయితే స్పేస్‌బార్ నొక్కితే కాలం ఆగిపోతుంది. ఆగిన కాలంలో ఆరుగురికీ ఆరు పనులు చెప్పి మళ్లీ వదలాలి. నేటికీ కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. కత్తిపోరు కళ్లముందు జోరుగా సాగుతుంటే ఆపాలన్న ఆలోచనే రాదు.

ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం ఘట్టం చూస్తే సంగతి అర్థమవుతుంది. పెంచిన తండ్రి గోరియన్ హత్యకు గురయ్యాక కథానాయకుడు, చిన్ననాటి నేస్తం ఇమోయెన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అక్కడికి చేరతారు. లోపల ఖలీద్, జహీరా అనే భార్యాభర్తలు ఎదురుచూస్తుంటారు. మెట్ల మీద టార్నెష్ అనే మంత్రగాడు మాట కలుపుతాడు, పేరు తెలియగానే చంపడానికి సిద్ధమవుతాడు. ముందు తన చుట్టూ ప్రతిబింబాలు నిలుపుకుంటాడు, తర్వాత భయపెట్టే మంత్రం వేస్తాడు. భయం పట్టినవాళ్లు చెప్పిన మాట వినకుండా చెల్లాచెదురుగా పరుగెడతారు, వాడు ఒక్కొక్కరినీ తీరిగ్గా చంపుతాడు. కొత్త ఆటగాడు చాలాసార్లు ఆ మెట్ల మీదే ఆట వదిలేస్తాడు.

విరుగుడు ఆట నియమాల్లోనే ఉంది. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే మంత్రం చెడిపోతుంది. మాట మొదలైన క్షణమే కాలాన్ని ఆపాలి. ఇమోయెన్ విల్లు పట్టుకుని దూరంగా నిలబడాలి, దగ్గరలో ఉన్నవాడు మీదికి వెళ్లాలి, ఇద్దరూ వాడి మీదే కొట్టాలి. రెండు చోట్ల నుంచి వచ్చే దెబ్బల్లో ఒకటి ప్రతిబింబాలకు తగిలి పోయినా, రెండోది ఒంటికి తగిలే వీలుంటుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లెక్కను పంచుకున్న ఈ ఆటలు అక్కడి నుంచి రెండు దారులు పట్టాయి. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ వేలమందిని ఒకే లోకంలో కలిపింది. ఒకడు శత్రువు కోపాన్ని తన మీదికి లాక్కుని దెబ్బలు కాయడం, ఒకడు వాడి గాయాలు మాన్పడం, మిగతావాళ్లు కొట్టడం అన్న పని పంపకం అక్కడే గట్టిపడింది. జట్టులో ఉన్నది కంప్యూటర్ నడిపే బొమ్మలు కాదు, మాట వినని నిజమైన మనుషులు. మన ఊళ్లలో కుర్రవాళ్లకు జట్టు ఆట పరిచయమైంది మాత్రం ఫోన్ల మీద, పబ్‌జీ నలుగురి స్క్వాడ్‌గా. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. అందులోనూ పడిపోయిన నేస్తాన్ని లేపడానికి ఆరుబయట ఒంటరిగా పరుగెత్తి ఇద్దరూ పోవడం కొత్తవాళ్లు రోజూ చేసే పొరపాటు. ముందు పొగ వేసి, ఒకరు కాపు కాస్తుంటే ఇంకొకరు వెళ్లి లేపాలి.

రెండో దారి ఒక్కరే కూర్చుని జట్టును నడిపే ఆటలది. 2009లో డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ ప్రతి తోడుకూ ముందే ఆజ్ఞలు రాసిపెట్టే వీలిచ్చింది: ప్రాణం సగానికి తగ్గితే మందు తాగు, మంత్రగాడు కనిపిస్తే ముందు వాణ్ణి కొట్టు అని. 2023 ఆగస్టులో బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ బాల్డర్స్ గేట్ 3 విడుదల చేసింది. జట్టు నలుగురికి తగ్గింది, పోరు మళ్లీ వంతులవారీగా మారింది. ఎత్తు మీద నిలబడి బాణం వేస్తే గురి పెరుగుతుంది, అంచున నిలబడ్డవాణ్ణి ఒక్క తోపు తోస్తే లోయలో పడతాడు. పూల్ ఆఫ్ రేడియన్స్ నాటి చోటు, సందు, మూల ఇక్కడ మూడు కొలతల్లో తిరిగొచ్చాయి.

పాత బాల్డర్స్ గేట్ కూడా పోలేదు. బీమ్‌డాగ్ సంస్థ 2012లో దాన్ని మెరుగులు దిద్ది తెచ్చింది, 2014 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆడుకోవచ్చు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు మొదటి పెద్ద పరీక్ష నాష్కెల్ ఇనుప గనులు. ఇరుకు సొరంగాల్లో కోబోల్డులు గుంపులుగా బాణాలు వేస్తాయి, కొన్నిటివి నిప్పు బాణాలు. అక్కడ ఆరుగుర్నీ ఒకేసారి ముందుకు తోస్తే ఒకరికొకరు అడ్డుపడి చుట్టూ తిరిగి శత్రువు మధ్యలో తేలతారు. దొంగను పది అడుగులు ముందు నడిపించి ఉచ్చులు చూసుకోవాలి. కవచం ఉన్న ఇద్దరిని సొరంగం మలుపు దగ్గర నిలబెట్టి, మిగతా నలుగురి చేతికీ విల్లో వడిసెలో ఇవ్వాలి. కోబోల్డుల్ని వెతుక్కుంటూ వెళ్లకుండా మలుపు దాకా రానివ్వాలి. గుంపు చేరాక ఒక్క నిద్రమంత్రం చాలు, ఆ తర్వాతి పని కత్తులది. ఆట ముందుకు సాగి అగ్నిగోళం మంత్రం చేతికొచ్చినప్పుడు మాత్రం వేసే ముందు మనవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలి. ఆ మంటకు మనవాళ్లూ పరాయివాళ్లూ ఒకటే.