తావూన్, టీకా, తుపాకీ

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ మొహల్లాలో ఒక మరీజ్‌ను చూసిన డాక్టర్ వీగస్, ఇది తావూన్ అని తేల్చాడు. తావూన్ అంటే ప్లేగు. జనం లక్షల్లో ఊరొదిలి పారిపోయారు. వాళ్లతోపాటు వబా కూడా ఊళ్లకు పాకింది.

అంగ్రేజీ హుకూమత్ 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల ఖానూన్ తెచ్చింది. పూణేలో రాండ్ అనే అధికారి చేతికి పగ్గాలిచ్చింది. గోరా సిపాయిలు ఇళ్లలో జొరబడ్డారు. సామాను బయటపడేశారు, పర్దా చూడలేదు, పూజగది చూడలేదు. జబ్బు మనిషిని ఆస్పత్రికి, ఇంటిల్లిపాదినీ క్యాంపుకి తోలారు. ఫలితం? జనం మరీజ్‌లను దాచడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో మనుషుల నుంచి నూనె తీస్తారన్న అఫ్వాలు పుట్టాయి. జహాలత్ అని కొట్టిపారేయకండి. తలుపు బద్దలుకొట్టి వచ్చినవాడి మందుని ఎవరు నమ్ముతారు?

జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. 1898 మార్చిలో బొంబాయి మదన్‌పురాలో జులాహా నేతకారులు, జబ్బుపడ్డ అమ్మాయిని తీసుకెళ్లనివ్వలేదు. గొడవైంది, కాల్పులు జరిగాయి.

అసలు దోషి ఎలుక మీది గోమారి అని అదే ఏడాది కరాచీలో పాల్ లూయీ సైమండ్ కనిపెట్టాడు. అంటే సిపాయిలు వెతికింది మనుషుల్ని, జబ్బు తిరిగింది ఎలుకలతో!

అదే బొంబాయిలో ఇంకో తరీఖా కూడా నడిచింది. హాఫ్‌కిన్ తను తయారుచేసిన టీకాను 1897 జనవరి 10న ముందు తనకే వేసుకున్నాడు. ఆగా ఖాన్ తన బంగళా అతనికిచ్చి, అందరి ముందు తనూ టీకా వేయించుకున్నాడు. ఖోజా జమాత్ వేల సంఖ్యలో ముందుకొచ్చింది. అక్కడ జబర్దస్తీ లేదు, భరోసా ఉంది. చివరికి సర్కారూ దిగొచ్చింది. తనిఖీలు సడలించింది, కౌమ్‌ల వారీగా ఆస్పత్రులకు ఇజాజత్ ఇచ్చింది, హకీములనూ వైద్యులనూ కలుపుకుంది. అయినా తర్వాతి దశాబ్దాల్లో దేశంలో కోటికి పైగా ప్రాణాలు పోయాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు సర్కార్లు బయటికి తీసింది ఆ 1897 ఖానూన్‌నే. దాంట్లో మాట విననివాడికి సజా ఉంది, అధికారికి రక్షణ ఉంది. మరీజ్‌కు ఏం హక్కుందో, హుకూమత్‌కు ఏం ఫర్జ్ ఉందో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క రాయకుండా ఎన్ని వబాలు దాటినా, సబక్ నేర్చుకున్నట్టు కాదు.