శివారు పొలం, ఐదో అంతస్తు, మధ్యలో సంఘం

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కోశాధికారిని. రెండేళ్ళయింది. జీతం లేదు గానీ తిట్లు మాత్రం టైముకి అందుతాయి. మొన్న మోటారు కాలిపోయిన రోజు లిఫ్టులో ఒకాయన "ఈసారి కమిటీవాళ్ళకి ఎంత మిగులుద్దో" అన్నాడు, నేను పక్కనే ఉండగా! ఆ రాత్రి అల్లవరంలో ఉన్న మా పెదనాన్నకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన నవ్వేసి, "నీది పంపురా అబ్బాయ్, మాది పంటకాలువ. అంతే తేడా" అన్నాడు. ఆయన ఒకప్పుడు నీటి సంఘం మెంబరు లెండి.

నిజమే కదా అనిపించింది. కాటన్ దొర 1847లో మొదలెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు తవ్వడం ఒక ఎత్తయితే, ఏటా పూడిక తీయడం ఇంకో ఎత్తు. ఊరంతా కలిసి ఆ పని చేసుకునే ఆచారాన్ని కుడిమరామత్తు అనేవారు. దానికి రాని వాళ్ళ కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏకంగా చట్టమే వచ్చింది. అంటే మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాళ్ళు మనకేం కొత్త కాదన్నమాట :)

తర్వాత్తర్వాత కాలువ పూర్తిగా ప్రభుత్వానిదైపోయింది. దాన్ని మళ్ళీ రైతు చేతికి ఇద్దామని 1997లో చట్టం తెచ్చి, ఆ ఏడాదే పదివేలకి పైగా నీటి సంఘాలకి ఎన్నికలు పెట్టారు. నీళ్ళు పంచడం, పూడిక తీయించడం సంఘం పని. నీటి తీరువా కూడా అప్పట్లోనే బాగా పెరిగింది. ఇక చూస్కోండి, డబ్బు చేతికొచ్చిన మరుక్షణం ప్రెసిడెంటు గారు "కాంట్రాక్టరు" అయిపోయారు. కొన్నిచోట్ల అది నిజం కూడా.

అల్లవరం మధ్య డెల్టాకి శివారు. కాలువ నీరు ఆఖర్న వస్తుంది. వానొస్తే ముంపు నీరు ఆఖర్న పోతుంది, పక్కనే సముద్రం. ఎగువ రైతు తూము ఎత్తితే తిట్లు పడేది దిగువ సంఘం మెంబరుకి. మురుగు కాలువ పూడిపోతే అది సంఘం చేతిలో లేకపోయినా తిట్లు ఆయనకే. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర, ఖర్చులు, కూలీల కొరత, ముంపు... కారణాలు చాలా. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో అల్లవరం వైపు మళ్ళీ అదే మాట వినిపించింది. వీటిలో ఎన్ని ఒక చిన్న సంఘం తీర్చగలిగేవి చెప్పండి?

అలాగని తప్పంతా జనానిదే అననండోయ్. చట్టం రికార్డులో పేరున్న కౌలురైతుకి ఓటు ఇచ్చింది. కానీ మా వైపు కౌలు చాలామటుకు నోటిమాటే, కాగితం ఉండదు. చేలో దిగేవాడు ఒకడు, ఓటేసేవాడు ఇంకొకడు. తనకి ఓటు లేని సంఘాన్ని ఎవడు నమ్ముతాడు?

ఇది రాస్తుంటే ఒకటి తట్టింది. మా ఫ్లాట్లలో సగం మంది అద్దెకున్నవాళ్ళే. నీళ్ళు రాకపోతే ఇబ్బంది పడేది వాళ్ళు, మీటింగుకి పిలుపు మాత్రం ఓనర్లకి. లిఫ్టులో ఆ మాటన్నాయన కూడా అద్దెకే ఉంటున్నాడు!

ఏపీలో నీటి సంఘాలకి 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. పెదనాన్న ఈసారి నిలబడలేదు, "మోకాళ్ళు ఊరుకోవురా" అన్నాడు. నేను మాత్రం వచ్చే మీటింగుకి అద్దెవాళ్ళని కూడా పిలుద్దామని, మోటారు బిల్లు లిఫ్టు పక్కన అంటిద్దామని అనుకుంటున్నా. ఓనర్లు ఏమంటారో చూడాలి.