జుల్మానా సొమ్ము, బాధితుని గడప

దుండగుల దాడిలో చూపు గోల్పోయిన యొక మనుష్యునికి ఇంగ్లండు దేశమున 1951వ సంవత్సరమందు 11,500 పౌనుల పరిహారము మంజూరయ్యెను. ఆ సొమ్ము నిచ్చుకొనవలసినవారు అతనిని గ్రుడ్డివానిని జేసిన యిద్దరు మనుష్యులే. చెరసాలనుండి వెలువడిన పిమ్మట వారు ఒక్కొక్కరు వారమునకు ఐదేసి షిల్లింగుల చొప్పున చెల్లించునట్లు ఏర్పాటు జరిగెను. పౌనునకు ఇరువది షిల్లింగులు. ఇద్దరి వాయిదాలును కలిపిన వారమునకు అర పౌను. కడపటి షిల్లింగు చేతికందుటకై ఆ యంధుడు మరి 442 ఏండ్లు జీవించియుండవలెను.

ఈ లెక్కను 1957లో ‘అబ్జర్వర్’ పత్రికయందు లోకము ముందుంచిన విదుషి మార్జరీ ఫ్రై. ఆక్స్‌ఫర్డునందలి సోమర్‌విల్ కళాశాలకు అధ్యక్షురాలుగా నుండి, తన జీవితములో పెద్దపాలు కారాగార సంస్కరణకే ధారవోసి, ఖైదీల కష్టములను గూర్చి దశాబ్దములు వాదించిన యీ వృద్ధురాలు, తన కడపటి దినములలో బాధితుని వైపునకు దృష్టి మరల్చి, ప్రజలు తమంత తాము పగ తీర్చుకొనరాదని శాసించిన రాజ్యమే ఆ ప్రజల గాయములకు పూచీ వహింపవలెననియు, ఆ భారము సమాజమంతయు పంచుకొన్నచో ఎవరికిని బరువు కాదనియు పలికెను. 1958లో ఆమె మరణించెను. న్యూజీలండు దేశము 1963లో చట్టము చేసి, 1964 జనవరి 1వ తేదీ నుండి బాధితులకు పరిహారమిచ్చుట కారంభించెను. బ్రిటను అదే సంవత్సరమునను, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము 1965లోను ఆ మార్గమున నడచినవి.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. దొంగలెత్తుకొనిపోయిన సొత్తును రాజు రాబట్టి యిప్పింపవలెననియు, రాబట్టలేనిచో తన బొక్కసమునుండియే యిచ్చుకొనవలెననియు మన ధర్మశాస్త్రములు విధించినవి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను, తిక్కన సోమయాజి కాలమువాడగు కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చి ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర వెలయించెను. కాని ప్రాచీనుల యీ విధి పోయిన సొత్తును గూర్చినది. దెబ్బతిన్న దేహమునకును, రాత్రి తలుపు చప్పుడైనంతనే ఉలికిపడు మనస్సునకును బొక్కసము ఏమి చేయవలెనన్నది ఇరువదవ శతాబ్దమువారు క్రొత్తగా వేసికొన్న ప్రశ్న.

పరిహారపు చట్టము వచ్చినను, ఆ ధనము దానంతట నడచివచ్చి బాధితుని గడప త్రొక్కునది కాదు. పోలీసులకు ఫిర్యాదు చేసియుండవలెను. గడువు దాటకుండ దరఖాస్తు నింపవలెను. ఆసుపత్రి బిల్లులు, యజమాని యిచ్చిన జీతపు పత్రములు జతపరుపవలెను. ఇల్లు కాలి యేడ్చువానికి ఇన్ని కాగితములను పోగుచేయు నోపిక యెక్కడిది? ఆ చేయూత నిచ్చినవారు ప్రభుత్వోద్యోగులు కారు, ఇరుగుపొరుగువారు. సెయింట్ లూయీ నగరమున నేరబాధితుల సహాయసంఘమును, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు తీరమున అత్యాచారములకు వ్యతిరేకముగా నిలిచిన స్త్రీల సంఘమును, వాషింగ్టను నగరమున అత్యాచార బాధితుల కేంద్రమును 1972 ప్రాంతమున వెలసి, అమెరికా దేశమునందలి తొలి బాధితసేవా సంస్థలుగా నిలిచినవి.

వారు చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న నొక రాత్రిని కనుల ముందుంచుకొనవలెను. అత్యాచారమునకు గురియైన స్త్రీ ఆసుపత్రికి వచ్చును. ఆమె కట్టుబట్టలు సాక్ష్యము గనుక పోలీసులు వానిని సంచిలో కట్టి తీసికొనిపోవుదురు. పరీక్ష ముగిసి తెల్లవారుజామున ఇంటికి మరలవలసిన వేళ ఆమె యొంటిపై నుండునది ఆసుపత్రివారి పలుచని గౌను మాత్రమే. అప్పుడు ఎవరో యొక యపరిచిత, ఒక జత ఉతికిన బట్టలను చేతబట్టుకొని వచ్చి ప్రక్కన కూర్చుండును. ఏమి జరిగినదని అడుగదు. కారులో ఇల్లు చేర్చి, విరిగిన తాళమును మరునాడు మార్పించి, నెల గడచిన పిమ్మట కోర్టు వసారాలో బల్లపై ఆమె సరసన కూర్చుండును. దీనికి జీతము లేదు. ఆ బట్టలు గూడ ఎవరి యింటిలోనో వాడక మిగిలినవి.

దానము మీదనే ఎన్నాళ్లు నడచును? 1974లో ఫెడరల్ ప్రభుత్వపు పోలీసు సహాయశాఖ బ్రూక్లిన్, మిల్వాకీ మొదలగు తావులలో బాధితులకును సాక్షులకును తోడ్పడు పథకములకు గ్రాంటులు మంజూరు చేసెను. ఆ పథకములు ప్రాసిక్యూటరు కార్యాలయములలో వెలసినవగుటచే, సాక్షి వాయిదాకు తప్పక వచ్చునట్లు చూచుటయే వాని తొలి యుద్దేశ్యము. కేసు లేని బాధితునకు అక్కడ కుర్చీ దొరకుట కష్టమని నా యభిప్రాయము. 1980 ప్రాంతమున ఆ శాఖయే మూతపడగా, దానిని నమ్ముకొన్న సంస్థలు పెక్కు దిక్కులేనివైనవి.

1982 ఏప్రిలులో అధ్యక్షుడు రీగను లోయిస్ హెరింగ్టను ఆధ్వర్యమున తొమ్మండుగురు సభ్యులతో నొక సంఘమును నియమించెను. ఆ సంఘము ఆరు నగరములలో బాధితుల వాఙ్మూలములను విని, డిసెంబరులో 68 సిఫారసులతో నివేదిక సమర్పించెను. దాని ఫలమే 1984 అక్టోబరు 12న శాసనమైన నేరబాధితుల చట్టము. ఈ చట్టమున నాకు మిక్కిలి గౌరవనీయముగా తోచునది నిధిని సమకూర్చిన విధానము. పన్నులు కట్టు ప్రజలనుండి ఒక్క డాలరైనను తీసికొనక, ఫెడరల్ కోర్టులలో నేరస్థులు చెల్లించు జుల్మానాలను, జప్తయిన జామీను సొమ్మును ఒకచోట జేర్చి, దానిని రాష్ట్రముల ద్వారా సేవాసంస్థలకు పంచిపెట్టుట ఆ విధానము. మొదటి సంవత్సరము నిధిలో చేరినది 6 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆ అంధుడు 442 ఏండ్లు ఎదురుచూడవలసిన మార్గమునకు మారుగా, ఎవరో చెల్లించిన జుల్మానా మరెవరి గాయమునకో మందగునట్లు ఈ క్రొత్త బాట పడినది.

రాష్ట్రములు తమ వంతులో నూటికి పదేసి పాళ్లు లైంగిక దౌర్జన్య బాధితులకును, భర్తల హింసకు లోనైన స్త్రీలకును, పీడింపబడిన పిల్లలకును ప్రత్యేకింపవలెనని తొలి నిబంధన. 1988లో నాలుగవ పాలొకటి చేరెను: ఇంతవరకు తగిన సేవ యందని బాధితులకు మరి పదిపాళ్లు. వారెవరో చట్టము పేరుపెట్టి చెప్పలేదు. నిర్ణయము రాష్ట్రములకు వదలెను. హతుల తల్లిదండ్రులు, త్రాగి కారు నడపినవారిచే దెబ్బతిన్నవారు, సొంతవారిచే పీడింపబడు వృద్ధులు, బాల్యమున జరిగిన అకృత్యమును నలువది యేండ్లు దాచుకొన్నవారు ఈ వాక్యము చాటున మొదటిసారి లెక్కకు వచ్చిరి. వచ్చినవారికి చేసిన సేవను లెక్కించుటతో నాగక, రానివారెవరని అడుగవలసిన విధిని ఆ చిన్న సవరణ రాష్ట్రముల మీద మోపినది. ఆ ప్రశ్న వేయబడిన పిమ్మట, చుట్టుపట్ల గుడియో మసీదో చర్చియో కేంద్రముగా బ్రదుకు జనుల భాష తెలిసిన చిన్న సంఘములు ఆ గ్రాంటులకు అర్హములని గుర్తింపక తప్పలేదు.

మన తెలుగువారి సంగతియు ఇచ్చటనే వచ్చును. న్యూజెర్సీ రాష్ట్రమున 1985లో ‘మానవి’యు, న్యూయార్కున 1989లో ‘సఖి’యు దక్షిణాసియా స్త్రీల కొరకు వెలసినవి. 1990 తరువాత కంప్యూటరు ఉద్యోగములతో మనవారు వేలసంఖ్యలో ఆ దేశము చేరగా, భర్త వీసాకు ముడిపడిన వీసాతో వెళ్లిన యువతికి ఏండ్ల తరబడి ఉద్యోగము చేయు హక్కు లేకుండెను. ఇంట హింస జరిగి, ప్రక్కవారు పిలువగా పోలీసులు వచ్చిరనుకొందము. ఆమెకు ఇంగ్లీషు తొట్రుపాటు; భర్తకు ధారాళము. గుమ్మములో నిలిచిన పోలీసునకు దుబాసి యా భర్తయే యగును. ఆమె చెప్పినదొకటి, పుస్తకమున కెక్కినది మరియొకటి. “అమ్మా, మీరు తెలుగులోనే చెప్పండి, నేను వింటున్నాను” అను కంఠము ఫోనులో వినబడినచో ఆ రాత్రి గతి వేరుగా నుండును. స్త్రీలపై హింసను గూర్చిన 1994 నాటి చట్టమును, నేరబాధితులకు ఏటా 10,000 వరకు ప్రత్యేక వీసాలకు దారితీసిన 2000 నాటి చట్టమును అట్టివారికి ఆసరాలే యైనను, వాని సంగతి ఆమె చెవిని వేయు మనుష్యు డొకడుండవలెను గదా.

నిధి మాత్రము నిలకడ గలది కాదు. పెద్ద బ్యాంకులు, కంపెనీలు దొరికిపోయి కోట్ల జుల్మానాలు కట్టిన యేట అది పొంగును; లేని యేట ఇంకును. 2000 నుండి అమెరికా కాంగ్రెసు ప్రతి సంవత్సరమును వ్యయమునకొక పరిమితి విధించుచు వచ్చి, 2015లో దానిని 74 కోట్ల 50 లక్షలనుండి 236 కోట్ల డాలర్లకు పెంచెను. 2017లో నిధిలో చేరినది 658 కోట్లు. మరుసటి యేట అది 50 కోట్లకు లోపుగా పడిపోయెను. ప్రభుత్వము కంపెనీలతో విచారణకు ముందే రాజీపడి పుచ్చుకొను సొమ్ము ఈ నిధికి గాక మామూలు ఖజానాకు పోవుచుండుట ఒక ముఖ్యకారణము. 2021 జూలైలో వచ్చిన సవరణ ఆ సొమ్మును గూడ నిధికి మరల్చెను.

ఆ సవరణలోనే చిన్న సంఘములకు మరియొక యూరట కలదు. గ్రాంటు పొందిన సంస్థ పథకపు ఖర్చులో అయిదవ వంతు తానే సమకూర్చుకొనవలెనని పూర్వపు నియమము. చేత రొక్కము లేని సంఘములు సేవకుల శ్రమను గంటల లెక్కన కట్టి ఆ వాటాగా చూపుకొనుచుండెడివి. ఆసుపత్రి బల్లపై గడపిన నాలుగు గంటలు, కోర్టు వసారాలో కాచుకొన్న మూడు గంటలు, అర్ధరాత్రి ఫోను ప్రక్కన మేలుకొన్న తొమ్మిది గంటలు, తేదీతో సంతకముతో పుస్తకమున కెక్కి, వానికెదురుగా డాలర్ల సంఖ్య పడెడిది. ఆ వాటాను రాష్ట్రములు మాఫీ చేయుటకు ఇప్పుడు వీలు కలిగినది. ఆ గంటల పని మాత్రము, వ్రాసినను వ్రాయకున్నను, ఇంకను జరుగుచునే యున్నది.