విశాఖలో ఇంటి చెంత చెట్టు: గాయం, చికిత్స, తొలగింపు

ఇంటిని ఆనుకొని ఉన్న చెట్టు దెబ్బతింటే దానిని కొట్టివేయాలా, కాపాడుకోవాలా అన్న ప్రశ్న విశాఖపట్నంలోని వీధివీధికీ ఒకేసారి ఎదురైనది 2014 అక్టోబరు 12న. ఆనాటి మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో నగరం వద్దనే తీరం దాటింది. తుపాను కన్ను, అనగా సుడి నడుమ గాలి నెమ్మదించే భాగం, నగరం మీదుగా సాగినందువల్ల మొదట ఒక దిక్కు నుంచి వీచిన గాలి కాసేపు ఆగి, ఆపై ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. తొలి విడతలో వేళ్ళు కదిలిన చెట్టుకు ఇటువంటి రెండో తాకిడిని తట్టుకోవడం కష్టం.

ప్రశ్న మాత్రం పాతదే. 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహిత ముళ్ళచెట్లను, పాలుకారే చెట్లను ఇంటి దగ్గర ఉంచరాదంటూనే, వాటిని కొట్టివేయనిపక్షంలో నడుమ పొన్న, అశోకం, పొగడ, పనస వంటి శుభవృక్షాలను నాటాలని చెప్పింది. అదే గ్రంథంలోని వృక్షాయుర్వేదం, అనగా చెట్లకు వైద్యం చెప్పే శాస్త్రం, తెగులు సోకిన భాగాన్ని ముందు కత్తితో శుభ్రపరచి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయాలని విధించింది.

20వ శతాబ్దంలో అమెరికా శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలాది చెట్లను కోసి పరిశీలించి, చెట్టు తన గాయాన్ని మాన్పుకోదనీ, కుళ్ళు పాకకుండా లోపల అడ్డుగోడలు కట్టుకుంటుందనీ నిరూపించాడు. అందువల్ల నేడు పూతలకన్నా కోత తీరుకే ప్రాధాన్యం. విరిగిన కొమ్మను కాండానికి సమంగా చెక్కివేయక, కొమ్మ మొదట్లోని ఉబ్బును వదిలి దాని వెలుపల కోస్తే ఆ అడ్డుగోడలు నిలుస్తాయి. కాండం మొదట్లో పుట్టగొడుగులు మొలిచినా, చెట్టు వాలిన వైపుకు ఎదురుగా నేల బీటలువారినా వేళ్ళలోనే బలం తగ్గిందని అనుమానించాలి.

తొలగించక తప్పదనిపించినా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాడుకలో వాల్టా, చెట్టు కొట్టడానికి అధికారుల అనుమతిని తప్పనిసరి చేసింది. కూలినదాని చోట ఏది నాటాలన్నదీ ఆలోచించవలసిందే: హుద్‌హుద్ తరువాత త్వరగా పెరుగుతాయని నగరంలో విరివిగా నాటిన ఏడాకులపాల చెట్లు పూతకాలంలో ఘాటైన వాసనతో ఇబ్బంది పెడుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. కూలినదాని స్థానాన్ని తొందరపడి నింపడంకన్నా నిలిచినదానిని ఏటా తుపానుల కాలానికి ముందే పరీక్షించి, చికిత్సకు లొంగనిదానినే తొలగించడం ఇంటికీ, చెట్టుకూ న్యాయమైన మార్గం.